ఎడమ దిక్కు వట్టుకున్న మెడ

పోయిన నెల ఇచ్చోడల మా మరిది కొత్తింట్ల ఏం జరిగిందో మీకు చెప్పలే గదా! నవ్వం అని ఒట్టేస్తె చెప్త. సరె తియ్యుండ్రి, ఒట్టొద్దు. నవ్వకుండ ఉన్నోళ్లు ఇప్పటిదాంక ఎవలు లేరు. ఇంటి పండుగకని పోయి, మంచిగ తిని రావాల్సింది పోయి, మా ఆడోళ్లందరిని బోరుమని ఏడిపిచ్చిన. ఎందుకేడుస్తున్నరో వాళ్లకే ఎర్కలేదు! అంతా గా స్విమ్మింగ్ పూల్ చేసిన పని. పూల్‌ను అనుడెందుకు గని, నేను చేసిన పనే.

మొదటికెల్లి చెప్త, చాయ్ తాగుకుంట వినుండ్రి.

నాది టైలర్ పనాయె. కరీంనగర్ల పెండ్లిళ్లు మొదలైనయంటె పొద్దంత మిషన్ మీద వంగి జాకెట్లు కుట్టుడే కుట్టుడు. వంగి వంగి నడుము వట్టుకున్నది. డాక్టర్ కాడికి పోతె, ఆయన ఎక్స్‌రే దిక్కు జూసి, నా దిక్కు జూసి, "అమ్మా, గోలీలు ఎన్నొద్దులని మింగుతవ్? పొద్దుగాల జర ఈత కొట్టు, నడుముకు మంచిది. ఈతొస్తదా?" అనడిగిండు.

ఈతొస్తదా అని నన్నడుగుడా! నేను పుట్టింది చెన్నూర్ల. గోదారి మాకు దగ్గర. చిన్నప్పుడు మా బాపు నా నడుముకు ఖాళీ డబ్బా గట్టి నీళ్లల్లకు తోలేటోడు. ఎండకాలమొస్తె మా అవ్వ కట్టె పట్టుకొని ఒచ్చేదాంక బయటికొచ్చేదాన్ని కాదు. మా వాడల మొగపోరగాండ్లు సుత ఈతల నా ఎన్కనే ఉండేటోళ్లు.

"డాక్టర్ సాబ్, గోదాట్ల పెరిగినదాన్ని నేను!" అని గల్ల ఎగరేసుకుంట చెప్పిన. పెండ్లైనంక బకెట్ల నీళ్లు తప్ప ఇంకో నీళ్లు ముట్టలేదన్న సంగతి మాత్రం చెప్పలే.

ఇంటికొచ్చి మా ఆయనతోని అన్న. మా ఆయన రాజేశం, బడిపంతులు. పొద్దంత పిల్లల పేపర్లు దిద్ది దిద్ది, ఇంట్ల సుత చేతిల ఎర్రపెన్ను ఉన్నట్టే మాట్లాడ్తడు.

"గీ వయసుల ఈతేందే? కాలో చెయ్యో మెడో ఇరగ్గొట్టుకొస్తవ్. గప్పుడు నా కాడికి మాత్రం రాకు."

"రాను తియ్!" అన్న.

గీ ఒక్క మాటకే నేను తర్వాత ఎంత ఆగమైననో మీరే జూస్తరు.

ఇగ ఈత డ్రెస్సు కావాలె. దుకాణంల వేలాడేటివి జూస్తె నాకే సిగ్గైంది. టైలర్‌నై ఉండి కొనుడేంది అని సాగే బట్ట తెచ్చి నేనే కుట్టుకున్న. మోకాళ్ల కిందికి ప్యాంటు, మోచేతుల దాంక చేతులు, అందం కోసమని నడుము సుట్టు చిన్న కుచ్చులు. అద్దంల జూసుకుంటె మంచిగనే ఉన్న. నెత్తికి గా రబ్బర్ టోపీ పెట్టుకునేదాంకనే! పెట్టుకున్నంక, ఉడకబెట్టి పొట్టు తీసిన గుడ్డు తీరుగైన. జుట్టు లోపటికి తోస్తె టోపీ మీదికి లేస్తది, టోపీ కిందికి గుంజితె కనుబొమ్మలు మీదికి లేస్తయి. ఎట్లనో సదురుకున్న.

మా ఊరి స్విమ్మింగ్ పూల్‌ల ఆడోళ్ల బ్యాచ్ పొద్దుగాల ఉంటది. మెట్లమీదికెల్లి మెల్లగ దిగిన. నీళ్లు నడుము దాంక రాంగనె నా కుచ్చులల్ల గాలి జొచ్చి గొడుగు లెక్క ఇచ్చుకున్నయి. ఇటు అదిమితె అటు లేస్తున్నయి, అటు అదిమితె ఇటు లేస్తున్నయి. కోచ్ ఆడపిల్లనే, పేరు నవ్య. నవ్వు పండ్ల మధ్యల అదిమిపెట్టుకొని, "ఆంటీ, రేపు గా కుచ్చులు ఊడగొట్టుకొని రాండ్రి" అన్నది.

"సరె గని, ముందు నా ఈత జూడు బిడ్డా" అని దుంకిన.

ఏమనుకున్నరు! చేతులకు, కాళ్లకు అన్నీ యాదికున్నయి. ఇటు గోడకెల్లి అటు గోడకు ఆగకుండ పోయిన. అక్కడికి పోయి, చప్పట్లు కొడ్తదేమో అని ఎన్కకు తిరిగి జూసిన. నవ్య రెండు చేతులు నడుము మీద పెట్టుకొని నిలవడ్డది.

"ఆంటీ, ఈత మంచిగొచ్చు మీకు. గని తలకాయ ఎందుకు గంత పైకి లేపిండ్రు? మెడ మీద భారం పడ్తది. మొఖం నీళ్లల్ల పెట్టుండ్రి. చూపు కింద టైల్స్ మీద ఉండాలె."

"మొఖం నీళ్లల్ల పెడితె ముందట ఏమున్నదో ఎట్ల కనపడ్తది బిడ్డా?"

"ముందట ఏముంటది ఆంటీ? నీళ్లే గదా!"

గోదాట్ల గట్ల కాదు. ముందట కట్టెమొద్దు కొట్టుకొస్తదో, తెప్పనే ఒస్తదో, బర్రెల మందనే దిగుతదో! తల లేపి చూడకుంటె ఎట్ల? ఈ పిల్ల పుట్టకముందే నేను గోదాట్ల ఈదిన, నాకు నేర్పెటందుకు ఒచ్చింది, అని మనసుల అనుకొని, "సరె బిడ్డా, సరె సరె" అన్న. ఆ పిల్ల ఇంకొకామె దిక్కు తిరగంగనె మల్ల తల లేపిన. నీళ్లల్ల బర్రె పోతది చూడుండ్రి, ఒళ్లంత లోపట, మొఖం ఒక్కటి ఆకాశానికి, సరింగ గట్ల.

కొన్నొద్దులు గట్లనే నడిచింది. నడుము నిజంగనే తేలికైంది. మెడ ఎన్క మాత్రం జర జర నొయ్యబట్టింది. మిషన్ మీద వంగుడుతోని గావొచ్చు అనుకొని ఊకున్న.

ఒకనాడు నవ్య నన్ను వదలలే. "ఇయ్యాల ఫ్రీస్టైల్ నేర్పిస్త ఆంటీ. మొఖం నీళ్లల్ల పెట్టుండ్రి. ఊపిరి తీసుకునేటప్పుడు ఒంటిని పక్కకు దొర్లించుండ్రి, దాంతోని మెడ దానంతటదే తిరుగుతది. మెడ ఒక్కదాన్నే తిప్పొద్దు. ఒక కన్ను నీళ్లల్లనే ఉండాలె. సమజైందా?"

సమజైంది. నిజం చెప్పాల్నంటె గా పిల్ల మంచిగనే చెప్పింది, నేనూ మంచిగనే మొదలువెట్టిన. గంతల్నే నా ఎడమ దిక్కుకెల్లి సులోచన మేడం పోయింది.

ఆమె బడిల హెడ్ మేడంగ చేసి రిటైరైంది. నాకన్న బగ్గ పెద్దది. పీలగ ఉంటది. నీళ్లు సప్పుడు కాకుండ, దువ్వెనతోని జుట్టు దువ్వినట్టు నిమ్మళంగ ఈదుకుంట నన్ను దాటి పోయింది. ఆమె నా దిక్కు జూడను సుత జూడలే. నాకు లోపట సుర్రుమన్నది. పింఛన్ తీసుకునే మేడం నన్ను దాటుడా! గోదారి ఒడ్డు పిల్లను!

ఇగ చేతులు జోర్ జోర్‌గ ఏసుడు షురూ చేసిన. మెడ ఎడమకు తిప్పుడు, మేడం యాడున్నదో జూసుడు, మల్ల ముంచుడు. ఒంటిని దొర్లించాలన్నది మరిచిన. ఒక కన్ను నీళ్లల్ల ఉండాలన్నది మరిచిన. రెండు కండ్లు పైనవెట్టి, గోడ మీదికెల్లి పక్కింట్ల ఏం కూర వండుతున్నరో తొంగిజూసినట్టు మెడ సాపుతున్న. ఊపిరి అక్కెర లేకున్నా తిప్పుతున్న. నాకు కుడికి తిరిగి ఊపిరి తీసుడు రాకపాయె. గందుకని వాపస్ ఒచ్చేటప్పుడు మధ్యల తాడు కిందికెల్లి దూరి అవతలి దిక్కు పోయిన, మేడం మల్ల నా ఎడమకే ఉండేటట్టు. పంతమంటె గట్లుంటది నాకు!

ఆఖరుకు గోడ నేనే ముందు ముట్టుకున్న. గెలిచిన! రొప్పుకుంట, ఎగపోసుకుంట చూస్తున్న. మేడం నిమ్మళంగ ఒచ్చి, అద్దాలు నెత్తి మీదికి జరుపుకొని అడిగింది.

"ఏమ్మా, నాతోని ఏమన్న చెప్పాల్నా? ఇందాకటిసంది మాటిమాటికి నా దిక్కే జూస్తున్నవ్. పలకరిస్తవేమో అని నేను నడుమ నడుమ ఆగిన సుత."

"ఏం లేదు మేడం, నమస్తే" అన్న.

తెల్లారి లేసిన. కండ్లు తెరిస్తె గోడ కనపడ్డది. నేను ఎల్లెలుకల పండుకున్ననాయె, మీద తిరిగే ఫ్యాన్ కనపడాలె గదా! గోడెట్ల కనపడ్తున్నది? మెడ తిప్పబోయిన. "అవ్వో!" మెడ రాలే. ఎడమ భుజం దిక్కు తిరిగి, మొలలు కొట్టి బిగిచ్చినట్టు ఉన్నది. జర కుడికి జరుపుదమంటె చెవి కిందికెల్లి రెక్క దాంక ఒక్కటే గుంజుడు.

గా దినమే ఇచ్చోడల మా మరిది కొత్తింట్లకు వోతున్నరు. దుబాయిల ఏండ్లకేండ్లు కష్టపడి కట్టుకున్న ఇల్లు. పోకుంటె ఎట్ల? మా ఆయన అప్పటికే కారు తుడిచి, బయటికెల్లి "అయ్యిందా?" అని ఒర్లుతుండు. ఆయనన్న మాట యాదికొచ్చింది. కాలో, చెయ్యో, మెడో! కాలైతె కుంటుకుంటనన్న చెప్పుదును. చెయ్యైతె సూపిద్దును. మూడిట్ల సరింగ మెడనే అయిపాయె! ఇప్పుడు పోయి చెప్తె, బతికినన్ని దినాలు ఆయన ఎర్రపెన్నుతోని గీసుడు, నేను జూసుడు. చెప్పొద్దని ఖాయం చేసుకున్న.

ఇగ తయారుగావాలె. అద్దం ముందట నిలవడితె నాకు తలుపు కనపడ్తుంది. ఒంటిని ఇటు తిప్పి, అటు తిప్పి, మొఖం అద్దంల వడేటట్టు చేసుకుంటె చీరె కుచ్చులు యాడున్నయో కనపడ్తలెవ్వు. చేతికందిన కాడ దోపిన. బొట్టు పెట్టుకుంటె కనుబొమ్మ మీదికి పోయింది. ఎట్లనో తయారై, కొంగు భుజాల నిండ కప్పుకొని, పెండ్లిపిల్ల లెక్క మెల్లగ నడుసుకుంట ఒచ్చి కార్ల కూసున్న.

ముందు సీట్ల కూసున్న గదా, ఎడమ దిక్కంటె కిటికీ. మంచిగైంది, బయటికి జూస్తున్ననని అనుకుంటడు, ఫికర్ లేదు అనుకున్న. గని జగిత్యాల దాటేవరకు ఆయనకు అనుమానమొచ్చింది.

"ఏందే, బయలెల్లినకాడికెల్లి ఒక్కపారి ఇటు జూడలే. కోపమొచ్చిందా?"

"కోపమేం లేదు" అని కిటికీకి చెప్పిన.

"మరి ఇటు జూసి చెప్పు."

"చెట్లు జూస్తున్న. మంచిగున్నయి."

ఎండకు ఆకులన్నీ రాలి, కట్టెలు మిగిలినయి చెట్లకు. ఏం మంచిగున్నయో నాకూ ఎర్కలేదు. ఆయన బండి జర నెమ్మది చేసిండు. మల్ల గొంతు సదురుకున్నడు.

"స్వరూపా, నీకు శోభక్క సంగతి ఎర్కైంది గదా? గందుకే గదా గట్ల కూసున్నవ్?"

శోభక్క అంటె ఆయన అక్క, నాకు వదినె. ఆదిలాబాద్‌ల ఉంటది. మా ఇద్దరికి మాటల్లేవు. ఏమంటె, ఒక పెండ్లిల నేను కుట్టిన జాకెట్ ఏసుకొని, నిండు పందిట్ల, "గిదేం కుట్టుడే, ఊపిరాడ్తలేదు!" అన్నది. "కొలతలిచ్చినంక మనిషి పెరిగితె నేనేం జెయ్యాలె వదినె?" అని నేనన్న. బస్, గంతే. గా పెండ్లికాడికెల్లి ఆమె మొఖం నేను జూడలే, నా మొఖం ఆమె జూడలే.

"ఏం సంగతి?" అన్న, మెల్లగ.

"అదే... అక్కకు నేనే ఫోన్ చేసిన. పూజల ఇద్దరిని పక్కపక్కన కూసోబెడితె మాటలు కలుస్తయని. తమ్ముడు సుత సరే అన్నడు. నీకెవలు చెప్పిండ్రు?"

ఎవలు చెప్పలేదయ్య, నువ్వే చెప్పినవ్! నాకు మస్తు కోపమొచ్చింది. గిర్రున ఆయన దిక్కు తిరిగి దులుపుదమనుకున్న. తిరగాల్నంటె ఒళ్లు మొత్తం తిరగాలె. సీట్ బెల్ట్ ఇడుస్తలేదు. ఇగ చేసేదేం లేక కిటికీకెల్లే తిట్టిన. "సిగ్గు లేదా నీకు? నా ఎన్క కుట్రలు చేస్తవా? ఇంటికి రా, నీ సంగతి చెప్త!" పక్కకెల్లి స్కూటర్ మీద పోతున్న ఒక పెద్దాయన, తననే అంటున్న అనుకొని పరేషానై బండి పక్కకు ఆపుకున్నడు పాపం.

ఖానాపూర్ల చాయ్ తాగెటందుకు ఆగినం. మెడ వంగదు, లేవదు, తిరగదు. గ్లాసు నోటికాడికి తెస్తె నోరు భుజం మీదున్నది. చాయ్‌ని చెవి పక్కకెల్లి తిప్పి తెచ్చి తాగాల్సొచ్చింది. సగం నోట్ల, సగం కొంగు మీద. మా ఆయన దూరంకెల్లి జూసి, కోపంల చాయ్ ఒలకబోసుకుంటున్న అనుకొని ఇంకింత భయపడ్డడు. బిస్కెట్ ప్యాకెట్ కొనిచ్చిండు. పెండ్లైనకాడికెల్లి అడగకుండ ఇచ్చింది గదే మొదలు.

ఇచ్చోడకు పోయినం. మరిది ఇల్లు మస్తు కట్టుకున్నడు. కొత్త సున్నం వాసన, గడపకు పసుపు, మామిడాకులు. నేను దేన్నీ ఎదురుంగ జూడలే, అన్నీ పక్కకెల్లే జూసిన. పూజ కాడ జంపకాన పరిచిండ్రు. మా ఆయన, మరిది ఒకరినొకరు జూసి కన్ను కొట్టుకొని నన్ను ఒకకాడ కూసోబెట్టిండ్రు. జరసేపైనంక తెచ్చి శోభ వదినెను కూసోబెట్టిండ్రు. ఏ దిక్కు? చెప్పుండ్రి. ఎడమ దిక్కు!

ఇగ జూడుండ్రి నా పరిస్థితి. అయ్యగారు ముందట మంత్రాలు చదువుతుండు. అందరి చూపు దేవుని దిక్కు. నా ఒక్కదాని చూపు మా వదినె మొఖం మీద, జానెడు దూరంకెల్లి.

మొదట ఆమె చూడనట్టే ఉన్నది. జరసేపైనంక పైట సదురుకున్నది. మల్ల ముక్కుపుడక ముట్టుకొని జూసుకున్నది. మొఖానికి ఏమన్న అంటుకున్నదా అని చెంగుతోని తుడుసుకున్నది. నేను జూస్తనే ఉన్న! కండ్లు మూసుకుందమా అనుకున్న, మూసుకుంటె నిద్రపోతున్న అంటరు. చూపు పక్కకు తిప్పుదమని కనుగుడ్లు కుడి మూలకు తిప్పిన. గది ఇంకా ఖరాబ్ అయింది, గుర్రుగ జూస్తున్నట్టు అగుపడ్డ. వదినె దిగ్గున లేసి పోయి నా కుడి దిక్కు కూసున్నది. హమ్మయ్య అనుకున్న.

అన్నాలు పెట్టిండ్రు. వరుసల అందరం కూసున్నం. అప్పటికే జాగ లేక, ఆలస్యంగ ఒచ్చిన మా వదినెకు దొరికింది ఒక్కటే కుర్సీ. మల్ల నా ఎడమకే! ఇస్తరాకు నా ముందటున్నది గని నాకు కనపడేది ఆమె ఇస్తరే. నేను చెయ్యితోని తడుముకుంట, ఆమె ఇస్తరి దిక్కు జూసుకుంట బుక్క పెట్టుకుంటున్న. ఆమె గారె తింటుంటె గారెను జూస్తున్న, పులుసు కలుపుతుంటె పులుసును జూస్తున్న. ఆమె బుక్క నోటికాడికి పోయి ఆగింది.

"ఏయ్ స్వరూపా!"

బంతిల అందరు మా దిక్కు తిరిగిండ్రు. మా ఆయన పప్పు బకెట్ పట్టుకొని నిలవడ్డకాడనే నిలవడ్డడు.

"ఇన్నొద్దులసంది నా మొఖం జూడనని తిరిగినదానివి, పొద్దటిసంది రెప్ప కొట్టకుండ నా దిక్కే జూస్తున్నవ్. నా ఇస్తరిల బుక్కలు సుత లెక్కవెట్టబడ్తివి! ఏం గావాలె నీకు? మనసుల ఏమున్నదో చెప్పు, ఇయ్యాల తేలిపోవాలె!"

ఏమున్నది నా మనసుల? మెడ నొప్పున్నది! చెప్పుదమని నోరు తెరిచిన. మా ఆయన బకెట్ పట్టుకొని ఆడనే ఉండె. ఆయన ముందట మెడ అనే మాట నోట్లకెల్లి రాలే. జర కదిలేసరికి నరం గుంజింది. గుంజంగనె కండ్లల్ల నీళ్లు గిర్రున తిరిగినయి, రెండు చుక్కలు చెంపల మీద జారినయి.

వదినె మొఖం మారింది. చేతిల బుక్క ఇస్తరిల పెట్టింది.

"అగ బాయీ!" అన్నది. ఆదిలాబాద్‌ల ఉండి ఉండి ఆమెకు మరాఠి మాటలు అలవాటైనయి. "ఏడుస్తున్నవా? నా కోసమేనానే? గిన్నొద్దులు లోపటనే పెట్టుకున్నవా? పిచ్చిదానా, ఒక్క మాట అంటె అయిపోవు గదే!"

అని, చెయ్యి సుత కడుక్కోకుండ, రెండు చేతులు సాపి, నన్ను గట్టిగ కౌగిలిచ్చుకొని, నా తలకాయను వట్టి తన భుజం మీదికి గుంజుకున్నది.

ఏ దిక్కుకు? నాకు కుడికి!

"అవ్వో... ఓ అవ్వా... నేను సచ్చిన్నే అవ్వా!"

ఇచ్చోడ రోడ్డు మీద పోయే లారీలకు సుత వినపడ్డదేమో గా కేక. మా వదినె అది ప్రేమతోని ఒచ్చిన ఏడ్పనుకున్నది. ఇంకింత గట్టిగ అదుముకున్నది. నేను ఇంకింత గట్టిగ ఒర్లిన. ఆమె బోరుమన్నది. పక్కపొంటి మా చిన్నత్త, "ఎంత ప్రేముండె లోపట, ఎంత ప్రేముండె" అనుకుంట చెంగు నోట్ల పెట్టుకున్నది. ఆమెను జూసి ఇంకొకామె. జరసేపట్ల బంతిల ఉన్న ఆడోళ్లంత ముక్కులు చీదుడే! వంటాయన బూరెల గిన్నె కింద పెట్టి కండ్లు తుడుసుకున్నడు. మా ఆయనైతె, తన ప్లాన్ పాసైందని పప్పు బకెట్ పట్టుకొని మురిసిపోతుండు.

"మెడ! మెడ!" అన్న నేను.

"మేడ గాదే, ఒక్కటే అంతస్తు కట్టుకున్నడు నీ మరిది" అన్నది మా చిన్నత్త, చెవులు జర తక్కువ ఆమెకు.

"మేడ గాదు అత్తమ్మా, నా మెడ! పూల్‌ల వట్టుకున్నది! తిరుగుతలేదు! వదినె, దండం పెడ్త, ఇడిసిపెట్టు!"

వదినె ఇడిసిపెట్టింది. నా తలకాయ సప్పుడు లేకుండ వాపస్ ఎడమకు పోయింది. అందరు చూస్తున్నరు. వదినె ఎన్కకు జరిగి, నా మొఖం జూసి, భుజం జూసి, ఎడమకు పోయి జూసి, కుడికి పోయి జూసింది. కుడికి పోతె ఆమెకు నా కొప్పే కనపడ్డది.

"అంటె..." అన్నది, "నువ్వు నా దిక్కు జూసింది... ప్రేమతోని గాదు?"

"మెడ ఎటు తిరిగితె అటు జూసిన వదినె."

"నేను ఆ పక్క కూసోకుంటె?"

"స్తంభాన్ని జూద్దును."

ఆమె జరసేపు కొట్టాల్నా, తిట్టాల్నా అన్నట్టు జూసింది. ఇగ నవ్వు మొదలైంది సూడుండ్రి, పొట్ట పట్టుకొని, కుర్సీ పట్టుకొని, ఆఖరుకు కింద కూసోని నవ్వింది. ఇందాక ఏడ్చినోళ్లంత గిప్పుడు నవ్వుడు. నాకు సుత నవ్వొచ్చింది, నవ్వితె నొప్పి, నొస్తె కండ్లల్ల నీళ్లు. మా ఆయన మెల్లగ దగ్గరికొచ్చి, బకెట్ కింద పెట్టి, "నేను ముందుగాలనే చెప్పిన్నా లేదా? కాలో, చెయ్యో..." అని మొదలువెట్టిండు.

"నువ్వు పప్పు పొయ్యి తమ్మీ!" అని వదినె ఒక్క గద్దింపు గద్దించింది. గంతే, ఎర్రపెన్ను జేబులకు పోయింది. గా ఒక్క మాటతోని మా వదినె నాకు దేవత లెక్క అగుపడ్డది.

నన్ను లోపటర్రలకు తీస్కపోయింది. ఎవలో తైలం పట్టుకొని మెడ తిప్పెటందుకు ఒస్తె, "ముట్టుకోకుండ్రి, నేను ఒకపారి తిప్పింది సాలదా?" అని ఎల్లగొట్టింది. ఉప్పు ఏంచి మూట గట్టి, తన చేతి మీద కాలుతుందేమో జూసుకొని, మెల్లగ కాపడం పెట్టింది. తలుపు మూసి ఉన్నది. ఇద్దరమే.

"నిజం చెప్పన్నా?" అన్నది మూట అద్దుకుంట. "నువ్వు గట్ల జూస్తుంటె మొదట భయమైంది. తర్వాత మంచిగనిపిచ్చింది. ఎవలన్న గంతసేపు నా మొఖం జూసి ఎన్నొద్దులైందో! గా జాకెట్ సంగతి, నువ్వన్నదే నిజం. కొలతలిచ్చి బూరెలు తిన్న."

"నేను సుత కుట్టుకు జర బట్ట ఎక్కువ ఇడవాల్సుండె వదినె" అన్న. ఆమె మొఖం జూసే అన్న, ఇంకెటు జూడరాకపాయె గని. పొద్దటిసంది ఆమెను గంత దగ్గరికెల్లి జూసి జూసి, ఆమె గదుమ మా ఆయన గదుమ తీరుగనే ఉంటదని గప్పుడే కనిపెట్టిన. చెప్తె మల్ల ఏడ్చింది. గీసారి నన్ను పట్టుకోకుండ, దిండును పట్టుకొని ఏడ్చింది.

కరీంనగర్ ఒచ్చినంక డాక్టర్ కాడికి పోయిన. "నేను నడుముకు చెప్తె నువ్వు మెడ తెచ్చినవేందమ్మా?" అన్నడు. ఎట్ల ఈదుతున్నవో సూపియ్యుమన్నడు. కుర్సీల కూసోని చేతులు ఏసుకుంట, ఎడమకు తిరిగి తిరిగి సూపిచ్చిన. ఆయన కలం కింద పెట్టి, "నీళ్లల్ల ఎవలన్న ఎంట వడ్డరా?" అనడిగిండు. కండరం పట్టేసింది, ఇరిగిందేం లేదు, నొప్పి తగ్గేదాంక ఆగి, మంచిగ నేర్సుకొని ఈదుమన్నడు.

నొప్పి తగ్గినంక మల్ల పోయిన. గీసారి నవ్య ఏం చెప్తె గదే. మొఖం నీళ్లల్ల, మెడ సాపుగ, చూపు కింద టైల్స్ మీద. ఊపిరికి చపాతి కర్ర లెక్క ఒళ్లంత దొర్లుడు. ఒక కన్ను లోపట, ఒక కన్ను బయట. సులోచన మేడం పక్కకెల్లి పోతె పోనీ, నాకేంది? నిజం చెప్తున్న, మెడ పువ్వు లెక్క తేలికైంది. వదినె రోజు ఫోన్ చేసి, "ఇయ్యాల ఎటు తిరిగినవే?" అని అడుగుతది.

ఇగ నిన్నటి సంగతి. నిన్న పొద్దుగాల ఎంత మంచిగ ఈదిన్నంటె, నవ్య ఒడ్డు మీదికెల్లి "సూపర్ ఆంటీ, గట్లనే, గట్లనే!" అని ఒర్లుతుంది. నేను టైల్స్ మీదికెల్లి చూపు తియ్యలే. నీలం టైల్, తెల్ల టైల్, నీలం టైల్, ఎంత సాఫ్‌గ పోతున్న! ఇంకొంచెం జోర్ చేసిన.

ధన్ మన్నది.

గోడ! ముందట నీళ్లే ఉంటయన్నది గదా గా పిల్ల, గోడుంటదని చెప్పలే! నెత్తి తిరిగి, గోడ పట్టుకొని నిలవడితె, సులోచన మేడం నిమ్మళంగ ఒచ్చి, అద్దాలు మీదికి జరుపుకొని, "ఏమ్మా, జర తల లేపి చూసుకోవాలె గదా!" అన్నది.

గందుకే గీ కొంగు నెత్తి మీదికెల్లి తీస్తలేను. ఇగో, తీస్తున్న, చూడుండ్రి, మాడు మీద నిమ్మకాయంత బొడిపె. గని ఒక్కటి చెప్త, మెడ మాత్రం ఫస్ట్‌క్లాస్‌గున్నది. ఎవలు ఎటు దిక్కు కూసున్నా ఫికర్ చెయ్యకుండ్రి, గీ బొడిపెను అందరికి తిప్పి తిప్పి సూపిస్త!